‘ఉచితం’లో ఔచిత్యం: ఇంధన రాయితీల తెలుగు పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రభుత్వం ఇంధన రంగానికి అందించే ఆర్థిక సహాయం అనేక రూపాల్లో ఉంటుంది. వ్యవసాయ పంపుసెట్టుకు ధర లేకుండా ఇచ్చే కరెంటు, వంటగ్యాసు సిలిండరుపై తగ్గింపు, విద్యుత్ కేంద్రానికి పన్ను మినహాయింపు, సౌర విద్యుత్తుకు ట్రాన్స్‌మిషన్ ఛార్జీల రద్దు మొదలైనవన్నీ ప్రభుత్వం తన రాబడిని ఇవ్వడమో వదులుకోవడమో, లేదా ఒకరి ఖర్చును మరొకరిపైకి మార్చడమో. తెలుగు పాలనాభాషలోను, పత్రికాభాషలోను మాత్రం వీటికి వేర్వేరు పేర్లు ఉన్నాయి. రైతుకూ గృహిణికీ అందేది ‘ఉచితం’, ‘రాయితీ’. పరిశ్రమకు అందేది ‘మినహాయింపు’, ‘ప్రోత్సాహకం’. ఈ పేర్ల తేడా ఎవరు సంజాయిషీ చెప్పుకోవాలో, ఎవరు చెప్పుకోనక్కరలేదో ముందుగానే నిర్ణయిస్తున్నదని ఈ వ్యాసం వాదిస్తుంది. ‘ఉచితం’ అనే పదానికి ఉన్న ‘తగినది’ అనే మూలార్థాన్ని విమర్శ పరికరంగా తిరిగి వినియోగించవచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉచిత విద్యుత్, రాయితీ, మినహాయింపు, సబ్సిడీ, ఔచిత్యం, పాలనాభాష, అర్థవిపరిణామం.

1. ప్రవేశిక:

2000 ఆగస్టు 28న హైదరాబాదులోని బషీర్‌బాగ్‌లో, విద్యుత్ ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా సాగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఇచ్చే దస్త్రంపై సంతకం చేశారు. ఈ రెండు తేదీల నడుమ ఉన్న నాలుగేళ్లలోపు కాలంలో ‘ఉచిత విద్యుత్’ అనే సమాసం తెలుగు రాజకీయ భాషలో స్థిరపడింది. అంతకుముందు ఆ మాటను ఆచరణసాధ్యం కాదని తోసిపుచ్చిన పక్షాలు కూడా తరువాత దానిని కాదనలేకపోయాయి.

ఉచిత విద్యుత్తు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఆర్థికశాస్త్రంలో విస్తారంగా జరిగింది. ఆ చర్చ ఏ మాటలతో జరుగుతున్నదన్న పరిశీలన భాషా సాహిత్య రంగం నుంచి తగినంతగా జరగలేదు. ఒక విధానానికి పెట్టిన పేరు ఆ విధానాన్ని ఎలా చూడాలో కూడా చెబుతుంది. ‘ఉచితం’ అన్నప్పుడు ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు కళ్లముందు కనిపిస్తారు. ‘మినహాయింపు’ అన్నప్పుడు ఆ ఇద్దరూ కనిపించరు. రెండింటిలోనూ ప్రజాధనమే ఉన్నప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధాన ప్రశ్న. ఇందుకోసం ముందుగా పదాల పుట్టుకను, తరువాత వాటి పాలనా ప్రయోగాలను, చివరగా వాక్యనిర్మాణాన్ని పరిశీలించడం జరిగింది.

2. నాలుగు పదాలు – వాటి పూర్వార్థాలు:

2.1 ఉచితం: సంస్కృతంలో ‘ఉచిత’ శబ్దానికి తగినది, యుక్తమైనది, అలవాటైనది అని అర్థాలు. తెలుగులో ‘సముచితం’, ‘యథోచితం’, ‘సమయోచితం’, ‘ఉచితానుచితాలు’ అనే పదాలు ఈ అర్థాన్ని నేటికీ నిలుపుకున్నాయి. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించిన ‘ఔచిత్యం’ దీని భావరూపమే. అయితే విడిపదంగా వాడినప్పుడు నేటి తెలుగులో ‘ఉచితం’ అంటే వెల లేనిది అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది. కన్నడంలోనూ ఇదే పరిస్థితి. హిందీలో ‘ఉచిత్’ నేటికీ తగినదనే అర్థంలోనే నిలిచింది; వెల లేనిదానికి అక్కడ ‘ముఫ్త్’ అనే వేరే మాట ఉంది. తగిన సత్కారంగా ఇచ్చేది, అందుచేత ప్రతిఫలం ఆశించనిది, అందుచేత వెల లేనిది అనే దారిలో ఈ అర్థవిపరిణామం జరిగి ఉండవచ్చునని ఊహించవచ్చు.

వాడుకభాషలో ఈ భావానికి ఊరికే, ఉత్తినే, పుక్కటికి, పుణ్యానికి వంటి మాటలు ఉన్నాయి. ‘పుక్కటికి వచ్చింది’ అన్నప్పుడు వచ్చినదానిపై గౌరవం ఉండదు. పుచ్చుకున్నవాడిపై చిన్నచూపు ఉంటుంది. ప్రభుత్వ పథకాలు సంస్కృత పదాన్ని ఎంచుకున్నప్పటికీ, వినేవారి మనసులో ఈ దేశ్య పదాల చిన్నచూపు కూడా దానికి తోడవుతుంది. ‘ఉచితాలు’ అని బహువచనంలో వాడినప్పుడు ఈ ఛాయ మరింత స్పష్టమవుతుంది.

2.2 రాయితీ: అరబ్బీ మూలం నుంచి పారశీకం, ఉర్దూల ద్వారా వచ్చిన మాట. ‘రిఆయత్’ అంటే మరొకరి స్థితిని గమనించి చూపే దయ, మన్నన. పైనున్నవాడు కిందివాడి పట్ల చూపేది అనే ధ్వని ఇందులో ఉంది.

2.3 మినహాయింపు, మాఫీ: ఇవీ ఆ మార్గంలోనే వచ్చిన లెక్కల మాటలు. ‘మినహా’ అంటే మొత్తంలో నుంచి తీసివేసినది. ‘మాఫీ’ అంటే క్షమించడం. బాకీ ఉన్నవాడికి మాఫీ జరుగుతుంది. లెక్కలో నుంచి మినహాయింపు జరుగుతుంది. మొదటిదానిలో తప్పు చేసిన మనిషి ఉన్నాడు, రెండవదానిలో అంకె మాత్రమే ఉంది. రైతు విద్యుత్ బకాయిలు 2004లో ‘మాఫీ’ అయ్యాయి. విద్యుత్ కంపెనీల లాభాలకు పన్ను ‘మినహాయింపు’ లభించింది. ఈ రెండు ప్రయోగాలూ యాదృచ్ఛికంగా ఏర్పడినవే కావచ్చు. కానీ వాటి పర్యవసానం యాదృచ్ఛికం కాదు.

2.4 సబ్సిడీ: లాటిన్‌లో సహాయసేనను, ఆదరువును సూచించే పదం నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగువారి చరిత్రతో దీనికి ప్రత్యక్ష సంబంధం ఉంది. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసుకున్నాడు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సేనల పోషణకు నిజాం ఏటా చెల్లించవలసిన 24 లక్షల రూపాయలకు పైబడిన మొత్తానికి ఆ పత్రాల్లో పేరు ‘సబ్సిడీ’. ఆ చెల్లింపునకు బదులుగా 1800లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు కంపెనీకి దఖలు పడ్డాయి. అవే దత్తమండలాలు. 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ అనే పేరు స్థిరపడేదాకా ఆ ప్రాంతానికి ‘ఇచ్చివేసిన’ నేల అన్నదే పేరు. సబ్సిడీ అనగానే రాజ్యం నుంచి పేదవాడికి దిగివచ్చే సొమ్ము అని నేడు స్ఫురిస్తుంది. తెలుగు నేలపై ఆ మాట మొదట రాజ్యం నుంచి ఒక వర్తక కంపెనీకి వెళ్లే సొమ్మును సూచించిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

3. ‘ఉచిత’ విద్యుత్: పేరు చెప్పని విషయాలు:

3.1 చెల్లించేది ఎవరు?

1980ల ఆరంభంలో వ్యవసాయ విద్యుత్తుకు మీటరు లెక్క పోయి హార్స్‌పవర్ లెక్క వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు వసూలు చేసిన శ్లాబు పద్ధతి రైతుల జ్ఞాపకంలో ఇప్పటికీ ఉంది. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో విద్యుత్ బోర్డు విభజన, నియంత్రణ మండలి ఏర్పాటు తరువాత ఛార్జీలు ప్రభుత్వం చేతిలోంచి మండలి ఉత్తర్వుల్లోకి మారాయి. 2000 నాటి ఆందోళన ఆ తొలి దశ ఛార్జీలపైనే.

2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షను ప్రకారం, ఏదైనా వినియోగదారుల వర్గానికి రాయితీ ఇవ్వదలచిన రాష్ట్ర ప్రభుత్వం ఆ మొత్తాన్ని ముందుగా చెల్లించాలి. అంటే చట్టం దృష్టిలో రైతు వాడే యూనిట్‌కు వ్యయం ఉంది. ఆ వ్యయాన్ని రాబట్టుకునే లెక్క ఉంది. చెల్లించే చేయి మాత్రమే మారింది. ప్రభుత్వం చెల్లించడంలో ఆలస్యం జరిగినప్పుడు పంపిణీ సంస్థ అప్పు చేస్తుంది. ఆ అప్పు వడ్డీతో పెరుగుతుంది. 2015 నాటి ‘ఉదయ్’ పథకంలో డిస్కంల అప్పులో 75 శాతాన్ని రాష్ట్రాలు తమపై వేసుకోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2017లో ఆ పథకంలో చేరాయి. ఇంకొక భాగం క్రాస్ సబ్సిడీ రూపంలో పరిశ్రమల, దుకాణాల బిల్లుల్లోకి చేరుతుంది. మరికొంత ‘ట్రూ అప్’, ‘ఇంధన సర్దుబాటు’ అనే పేర్లతో రెండు మూడేళ్ల తరువాత గృహ వినియోగదారుడి బిల్లులో కనిపిస్తుంది. ఆ సర్దుబాటులో బొగ్గు ధర ఎంత, బయటి కొనుగోళ్లు ఎంత, ఆలస్యమైన రాయితీ ఎంత అన్నది బిల్లు చదివే మనిషికి తెలిసే మార్గం లేదు. ‘ఉచితం’ అనే మాట ఈ చెల్లింపుల గొలుసును ఒక్క పదంలో మూసివేస్తుంది.

3.2 రైతు చెల్లించేది ఏమిటి?

కరెంటుకు బిల్లు రాకపోవచ్చు. బోరు తవ్వకం, కేసింగు, మోటారు, పైపులు, స్టార్టరు రైతువే. వోల్టేజి తగ్గి మోటారు కాలితే చుట్టించుకునే ఖర్చు రైతుదే. ట్రాన్స్‌ఫార్మరు కాలినప్పుడు తలా ఇంత వేసుకుని ట్రాక్టరుపై మరమ్మతు కేంద్రానికి తీసుకుపోయిన అనుభవం అనేక గ్రామాలకు ఉంది. రాత్రివేళ ఇచ్చే కరెంటుకోసం పొలానికి వెళ్లి పాముకాటుకో విద్యుదాఘాతానికో బలైన రైతుల వార్తలు తెలుగు దినపత్రికల జిల్లా పేజీలకు కొత్తవి కావు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు అన్న హామీ, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా ఈ బాధకు సమాధానంగా వచ్చినవే. తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తొలగించాలని ప్రభుత్వమే రైతులను కోరింది. నిరంతరం నడిచే మోటారు భూగర్భ జలాన్ని తోడివేస్తుందన్న భయం అందుకు కారణం. కరెంటుకు ధర లేకపోయినా నీటికి హద్దు ఉందన్న సంగతి అక్కడ బయటపడింది.

వంటగ్యాసు విషయంలోనూ ఇదే జరిగింది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చిన పథకానికి ‘దీపం’ అని పేరు పెట్టింది. 2024లో మొదలైన ‘దీపం-2’ కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ప్రారంభంలో లబ్ధిదారు ముందుగా పూర్తి ధర చెల్లించి సిలిండరు తీసుకోవాలి. తరువాత ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. తెలంగాణ 500 రూపాయల సిలిండరు పథకంలోనూ ఇదే పద్ధతి. ముందు పెట్టడానికి డబ్బు చేతిలో ఉన్నవారికే ‘ఉచితం’ అందుతుందన్న వైరుధ్యాన్ని ఆ మాట బయటపెట్టదు.

3.3 ఎవరికి అందదు?

ఉచిత విద్యుత్ కనెక్షను పేరున ఉంటుంది. కనెక్షను భూమి ఉన్నవారి పేరున ఉంటుంది. కౌలురైతుకు ఆ ప్రయోజనం చేరుతుందా, కౌలు పెరిగి భూయజమానికే చేరుతుందా అన్నది ఊరిని బట్టి మారుతుంది. వర్షంపైనే ఆధారపడిన రైతుకు, కూలీకి ఇందులో నేరుగా దక్కేది లేదు. రెండు బోర్లు ఎండి మూడవది వేసిన రైతుకు కరెంటు ధర సమస్యలో చిన్న భాగం మాత్రమే. 2004 నాటి విధానానికి కొనసాగింపుగా ఆదాయపు పన్ను చెల్లించేవారిని, కార్పొరేట్ రైతులను మినహాయించారు. కెపాసిటర్లు అమర్చుకోవడం వంటి పొదుపు చర్యలను షరతులుగా పెట్టారు. ‘ఉచితం’ అన్న నినాదంలో ఈ షరతులకు చోటు లేకపోయింది. అమలులోనూ అవి వెనుకబడ్డాయి.

3.4 మీటరు వివాదం:

మీటర్లు లేనందున వ్యవసాయ వినియోగాన్ని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద నమూనా కొలతలు తీసి అంచనా వేస్తారు. అంచనా పెరిగితే పంపిణీ నష్టం తగ్గినట్లు కనిపిస్తుంది. రైతు వాడని యూనిట్లు కూడా రైతు పద్దులో చేరే అవకాశం ఇక్కడ ఉంది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీటర్లు అమర్చి రాయితీని రైతు ఖాతాలో వేసి, అక్కడినుంచి డిస్కంకు చేర్చే ‘నగదు బదిలీ’ని ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం మీటర్లను నిరాకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షాలు మీటరును రైతు మెడకు ఉరితాడుగా వర్ణించాయి. కొలత పరికరం ఉరితాడుగా కనిపించడానికి కారణం రైతు అజ్ఞానం కాదు. కొలిచిన ప్రతిదానికీ ఏదో ఒకనాడు ధర కట్టిన అనుభవం అతనికి ఉంది. ‘ఉచితం’ అనే మాటలో హక్కు లేదు, గడువు చెప్పని దయ మాత్రమే ఉంది. దయపై ఆధారపడినవాడు కొలతను నమ్మలేడు.

4. ‘మినహాయింపు’: కనిపించని ఇవ్వడం:

ఇప్పుడు రెండవ వైపు చూడవలసి ఉంది. 1995 నాటి మెగా విద్యుత్ విధానం కింద 1,000 మెగావాట్లు, అంతకు మించిన థర్మల్ కేంద్రాలు యంత్రసామగ్రిని సుంకం లేకుండా దిగుమతి చేసుకోగలిగాయి. ఆదాయపు పన్ను చట్టంలోని 80-ఐఏ సెక్షను, 2017 మార్చి 31లోగా ఉత్పత్తి ప్రారంభించిన విద్యుత్ సంస్థలకు తొలి 15 ఏళ్లలో వరుసగా ఏ పదేళ్లయినా లాభంపై నూరుశాతం తగ్గింపు ఇచ్చింది. కనీస ప్రత్యామ్నాయ పన్ను వర్తించినప్పటికీ ఇది పెద్ద వెసులుబాటే. బొగ్గు కేంద్రమా గాలిమరా అన్న తేడా ఆ సెక్షనులో లేదు.

పవన, సౌర విద్యుత్ పరికరాలకు ‘వేగవంతమైన తరుగుదల’ ఇంకొక రూపం. తరుగుదల అంటే యంత్రం అరిగిపోవడం. ఇరవై అయిదేళ్లు పనిచేసే పరికరం విలువలో మొదటి ఏడాదే 80 శాతాన్ని అరిగినట్లు రాసుకునే వీలు ఒకప్పుడు ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి అది 40 శాతానికి తగ్గింది. ఇది పన్నును పూర్తిగా రద్దు చేయదు, వాయిదా వేస్తుంది. అయినా ఆ వాయిదా విలువ గల ప్రయోజనమే. ఈ ప్రయోజనానికి పేరు ప్రకృతిసహజమైన అరుగుదలలా వినిపిస్తుంది.

సౌర, పవన విద్యుత్తును ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి చేర్చడానికి అయ్యే ట్రాన్స్‌మిషన్ ఛార్జీల మినహాయింపు మరీ గమనించదగ్గది. 2025 జూన్ 30లోగా ప్రారంభమైన ప్రాజెక్టులకు ఈ మినహాయింపు పూర్తిగా వర్తించింది. లైను వేసిన ఖర్చు మాత్రం మినహాయింపు కాదు. ఆ ఖర్చును ఉమ్మడి పద్దులో మిగిలిన వాడకందార్లు పంచుకుంటారు. రైతు కరెంటు విషయంలో ‘ఎవరో ఒకరు కట్టాలి కదా’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఇక్కడ ఆ ప్రశ్న రాదు. మాట లెక్కల మాట కావడం అందుకు ఒక కారణం.

సోలార్ పార్కుల పథకంలో మెగావాట్‌కు 20 లక్షల రూపాయలు లేదా ఖర్చులో 30 శాతం, ఏది తక్కువైతే అది, కేంద్ర సహాయంగా లభించింది. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు, ఎన్.పి. కుంట పార్కు నాటి దత్తమండలాల నేలపైనే వెలిశాయి. అటువంటి నేలను దున్నుకున్న కౌలుదారుకు, అక్కడ మేపుకున్న గొర్రెలకాపరికి జరిగిన నష్టం ఏ రాయితీ పట్టికలోనూ వరుసగా కనిపించదు. లెక్కలోకి రానిదానికి మినహాయింపు కూడా ఉండదు.

కేంద్ర బడ్జెట్ పత్రాల చరిత్ర ఈ సందర్భంలో గమనార్హం. పన్ను వెసులుబాట్ల వల్ల పోయిన రాబడిని 2006–07 బడ్జెట్ నుంచి ఒక ప్రకటనగా పార్లమెంటు ముందు ఉంచుతున్నారు. మొదట దాని పేరుకు అర్థం ‘వదులుకున్న రాబడి’. 2015–16 నుంచి ఆ పేరు ‘పన్ను ప్రోత్సాహకాల వల్ల రాబడిపై ప్రభావం’ అనే అర్థం వచ్చేలా మారింది. వదులుకోవడానికి ఒక కర్త కావాలి. ప్రభావానికి కర్త అక్కరలేదు. పట్టిక కొనసాగింది, అందులోని క్రియ మాయమైంది.

5. వాక్యంలో కర్త, సంప్రదానం:

ఈ పరిశీలనను వాక్యస్థాయికి తీసుకువెళ్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ‘ప్రభుత్వం రైతులకు ఉచితంగా విద్యుత్తు ఇస్తున్నది’ అనే రకం వాక్యంలో కర్త ప్రభుత్వం, క్రియ ‘ఇచ్చు’, రైతులు సంప్రదానం. దాన వాక్యానికి కావలసిన అంగాలన్నీ ఇందులో ఉన్నాయి. ‘యూనిట్లకు పన్ను మినహాయింపు వర్తిస్తుంది’ అనే రకం వాక్యంలో వర్తించేది మినహాయింపు. ఇచ్చినవారు లేరు. పుచ్చుకున్నది మనిషి కాదు, యూనిట్. ‘లభిస్తుంది’, ‘అర్హమవుతుంది’, ‘వర్తిస్తుంది’ అనే క్రియలు చట్టాన్ని వాతావరణం వలె చూపిస్తాయి.

రూపకాలు కూడా ఇలాగే విడిపోయాయి. పంపుసెట్టు కరెంటు ఖజానాపై ‘భారం’. పరిశ్రమకు ఇచ్చేది ‘ఊతం’, ‘దన్ను’, ‘ఊరట’. భారం మోసేవాడివైపు నుంచి చెప్పే మాట. ఊతం అందుకునేవాడివైపు నుంచి చెప్పే మాట. ఒకే లావాదేవీలో రైతు వంతు వచ్చేసరికి దృష్టికోణం ఖజానా పక్షాన, పరిశ్రమ వంతు వచ్చేసరికి లబ్ధిదారు పక్షాన నిలుస్తున్నది. కథనశాస్త్రంలో దృష్టికోణానికి ఇచ్చే ప్రాధాన్యం ఈ మాటలకూ ఇవ్వవలసి ఉంది.

2015 మార్చిలో కేంద్రం ప్రారంభించిన ‘గివ్ ఇట్ అప్’ ఉద్యమం స్తోమత ఉన్న కుటుంబాలను గ్యాసు రాయితీ వదులుకోమని కోరింది. ఏడాది తిరిగేసరికి కోటిమందికి పైగా వదులుకున్నారు. అది గౌరవించదగిన స్పందన. అయితే పన్ను మినహాయింపు పొందే సంస్థలను స్వచ్ఛందంగా వదులుకోమని కోరే ఉద్యమం ఏదీ దానితో పాటు రాలేదు. రాయితీని త్యాగం చేయవచ్చు. తరుగుదలను త్యాగం చేయమని అడగడానికి భాషలో వీలు లేదు.

6. మారిన పేర్లు – మారిన బాధ్యతలు:

పేరు మారితే బాధ్యత ఎలా మారుతుందో చూపడానికి బొగ్గుపై సెస్సు చక్కని ఉదాహరణ. 2010లో ‘స్వచ్ఛ ఇంధన సెస్సు’ పేరుతో టన్నుకు 50 రూపాయలు విధించారు. అది 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు పెరిగింది. 2016లో పేరు ‘స్వచ్ఛ పర్యావరణ సెస్సు’ అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక అదే 400 రూపాయలు ‘పరిహార సెస్సు’గా మారాయి. పరిహారం రాష్ట్రాలు కోల్పోయే రాబడికి; పర్యావరణానికి కాదు. టన్ను బొగ్గుపై అంకె మారలేదు. పేరులోంచి ‘స్వచ్ఛ’ శబ్దం పోవడంతో ఆ సొమ్మును స్వచ్ఛమైన ఇంధనానికే ఖర్చు చేయాలని అడిగే ఆధారం కూడా పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ సెస్సు రద్దయి, బొగ్గుపై జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. టన్నుకు ఇంత అన్న లెక్క పోయి విలువకు ఇంత అన్న లెక్క వచ్చింది. చౌక బొగ్గుపై మొత్తం పన్ను ఇప్పుడు మునుపటికంటే తక్కువ. ఈ తగ్గింపును ‘ఉచితం’ అని గాని ‘రాయితీ’ అని గాని పిలవరు. అది ‘హేతుబద్ధీకరణ’.

‘అండర్ రికవరీ’ అనే మాట రెండవ ఉదాహరణ. డీజిలు, కిరోసిను, గ్యాసులను అంతర్జాతీయ ధర ఆధారంగా లెక్కకట్టిన విలువకంటే తక్కువకు అమ్మినప్పుడు వచ్చే తేడాకు చమురు రంగంలో ఈ పేరు ఉంది. 2012–13లో అది సుమారు 1.61 లక్షల కోట్ల రూపాయలు. తెలుగు వార్తాభాషలో ఇది తరచు ‘నష్టం’గా మారింది. ఆ ఏడాది మూడు ప్రభుత్వరంగ చమురు విక్రయ సంస్థలూ లాభాలే ప్రకటించాయి. ప్రభుత్వం, చమురు ఉత్పత్తి సంస్థలు ఆ తేడాలో అధికభాగం భరించడం అందుకు కారణమన్నది నిజమే. అయినా రాబట్టుకోలేని అంచనా విలువ వేరు, నష్టం వేరు. అనువాదంలో ఆ తేడా పోవడంతో సామాన్య పాఠకుడు తాను చవకగా కొన్న ప్రతి లీటరుతోనూ ఒక సంస్థను ముంచుతున్నానని భావించే స్థితి వచ్చింది. 2010లో పెట్రోలు, 2014లో డీజిలు ధరల నియంత్రణను ఎత్తివేసినప్పుడు ఆ భావన వాటికి అనుకూల వాతావరణాన్ని కల్పించింది.

7. ఔచిత్య విచారం:

పై పరిశీలనపై రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: పేర్లు ఏవైనా ఆర్థిక ఫలితాలే ముఖ్యం, సౌర విద్యుత్తుకు ఇచ్చిన ప్రోత్సాహం వల్ల దాని ధర తగ్గింది, ఉచిత విద్యుత్ వల్ల భూగర్భజలం తగ్గింది, కనుక రెండింటినీ ఒకే గాట కట్టడం సరికాదు. ఇందులో బలం ఉంది. 2021లో 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తును యూనిట్‌కు 2.49 రూపాయల చొప్పున 25 ఏళ్లపాటు కొనడానికి ఆంధ్రప్రదేశ్ ఒప్పందం చేసుకున్నది వ్యవసాయానికి పగటి సరఫరా పేరుతోనే. ఒక వైపు ప్రోత్సాహకం, మరొక వైపు ఉచితం అదే తీగపై కలిసిన సందర్భం అది. అయితే ఫలితాలను పోల్చాలంటే ముందు రెండింటినీ ఒకే కొలతతో చూడాలి. పేర్లలోని తేడా ఆ పోలికను మొదలుకానివ్వడం లేదన్నదే ఇక్కడి విమర్శ.

రెండవ ఆక్షేపణ: ఈ వాదన ఉచిత విద్యుత్తును సమర్థించడానికి చుట్టుదారి మాత్రమే. ఇది నిజం కాదు. ‘ఉచితం’ అనే మాట రైతును చిన్నబుచ్చడంతో పాటు, రైతుల్లోనే ఉన్న అసమానతనూ నీటి సంక్షోభాన్నీ కప్పిపుచ్చుతున్నదని మూడవ భాగంలో చూపడం జరిగింది. ఆ మాట విమర్శకుల చేతిలో నిందగా, పాలకుల చేతిలో ప్రశంసగా పనిచేస్తున్నది. రెండు సందర్భాల్లోనూ పరిశీలనను అడ్డుకుంటున్నది.

కావ్యంలో ఏ అలంకారమైనా స్వతహాగా గుణమూ కాదు, దోషమూ కాదు. ఎక్కడ, ఎవరికి, ఎందుకు అన్నదే దాని తగుదలను నిర్ణయిస్తుందన్నది ఔచిత్యవాదుల ప్రధానభావం. ప్రజాధన వినియోగానికీ ఈ దృష్టిని వర్తింపజేయవచ్చు. పంపుసెట్టుకైనా, పవర్ ప్లాంటుకైనా ఒకే నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎవరికి అందుతున్నది? ఎవరు చెల్లిస్తున్నారు? దేనికోసం, ఎంతకాలం? లెక్క ఎక్కడ కనిపిస్తున్నది? ఈ ప్రశ్నల ముందు రెండు పక్షాలకూ కొన్ని బలాలు, కొన్ని లోపాలు తేలుతాయి. 80-ఐఏకు, ట్రాన్స్‌మిషన్ మినహాయింపునకు గడువు తేదీ ఉంది. ఉచిత విద్యుత్తుకు లేదు. ఉచిత విద్యుత్ మొత్తం ఏటా నియంత్రణ మండలి బహిరంగ విచారణలో చర్చకు వస్తుంది; ఒక కంపెనీ పొందిన తరుగుదల ఎంతో ఆ విచారణకు రాదు. రైతు ప్రయోజనం ఎవరికి చేరుతున్నదో సుమారుగానైనా తెలుసు. మినహాయించిన ఛార్జీలు ఎవరి బిల్లులో చేరాయో వినియోగదారుడికి తెలియదు.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఇంధన రంగంలో ప్రభుత్వ సహాయానికి తెలుగులో రెండు పరిభాషలు ఏర్పడ్డాయి. ఒకటి దాన పరిభాష, రెండవది గణాంక పరిభాష. మొదటిది రైతుకు, గృహిణికి. రెండవది సంస్థలకు వర్తిస్తున్నది.

• దాన పరిభాషలో పుచ్చుకున్నవారు నిత్యం సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిలో ఉంటారు. గణాంక పరిభాషలో ఇచ్చినవారు గాని, పుచ్చుకున్నవారు గాని వాక్యంలో కనిపించరు.

• ‘ఉచితం’ అనే పదం చెల్లింపుల గొలుసును, రైతు స్వయంగా భరించే ఖర్చును, ప్రయోజనం అందనివారిని మరుగుపరుస్తున్నది. ‘మినహాయింపు’ ఇతరులపైకి మారిన భారాన్ని మరుగుపరుస్తున్నది.

• సెస్సు పేరు, బడ్జెట్ ప్రకటన పేరు మారిన తీరు పరిశీలిస్తే, పేరుతో పాటు ప్రజలు అడగగలిగే ప్రశ్న కూడా మారుతున్నదని స్పష్టమవుతుంది.

పత్రికలు, పాలనాపత్రాలు, పాఠ్యపుస్తకాలు ‘ఉచిత విద్యుత్’ అన్నచోట ‘ప్రభుత్వం చెల్లించే వ్యవసాయ విద్యుత్’ అనీ, ‘పన్ను మినహాయింపు’ అన్నచోట ‘ప్రభుత్వం వదులుకున్న పన్ను’ అనీ రాయడం సాధ్యమే. మాటలు కొంచెం పొడవు కావచ్చు. కర్త మాత్రం కనిపిస్తాడు. బషీర్‌బాగ్‌లో మరణించిన ముగ్గురూ వెళ్లింది కరెంటును దానంగా అడగడానికి కాదు. పెంచిన ధర తగినదా అని ప్రశ్నించడానికి. ‘ఉచితం’ అనే మాటకు తెలుగు మరచిపోతున్న మొదటి అర్థం ఆ ప్రశ్నలో ఉంది.